ఊళ్లో ఉండిపోయిన విద్వాంసుడు



పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి పేరు ఎత్తగానే మన బెజవాడలో మొదట వినబడే మాట "బాలమురళి గురువుగారు" అని. ఆ మాటలో గౌరవం ఉంది, కాదనను. కానీ లెక్క చూడండి. పంతులుగారు 1883లో పుట్టారు. 1951 జనవరి 7న కన్నుమూశారు. ఆనాటికి బాలమురళీకృష్ణగారికి ఇరవై ఏళ్లు. ఆ పిల్లవాడు తన దగ్గరకు వచ్చేనాటికే పంతులుగారు యాభై దాటిన మనిషి. నేర్చుకోవడం అయింది, కచేరీలు అయ్యాయి, పక్కవాద్యాలు వాయించడం అయింది, ఎందరికో పాఠాలు చెప్పడం కూడా అయింది. ఆ యాభై ఏళ్లు ఎలాంటివి? కృష్ణా డెల్టాలో సంగీతాన్నే నమ్ముకుని బతకాలనుకున్నవాడికి ఆ రోజుల్లో ఏం దొరికేది, ఏం దొరికేది కాదు? ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది దాని గురించే. బాలమురళిగారి గురించీ చెబుతాను, ఆయన వంతు వచ్చినప్పుడు.

పంతులుగారి స్వగ్రామం శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, మన కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. కృష్ణదేవరాయలు ఆ ఊళ్లో ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి స్వామి కలలో కనబడి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యదలో రాయలే చెప్పుకున్నాడు. తండ్రి శేషాచలంగారు, తల్లి మంగమాంబగారు.

ఆ ఊరి చుట్టుపక్కల పేర్లు ఒక్కసారి తలుచుకోండి. కొద్ది మైళ్ల దూరంలో కూచిపూడి. దాని పక్కనే మొవ్వ, పదాల క్షేత్రయ్యగారి ఊరుగా మనం చెప్పుకునే మొవ్వ. నది వెంట ఇంకొంచెం కిందికి పోతే పెదకళ్లేపల్లి, దుర్గా నాగేశ్వరస్వామి క్షేత్రం, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పుట్టిన ఊరు, తర్వాతి తరంలో సినిమా పాటల వేటూరి పుట్టిన ఊరు. అటు భాగవతుల ఆట, ఇటు పదం, మధ్యలో శాస్త్రం, పాండిత్యం. ఎడ్లబండి మీద ఒక్క రోజులో చుట్టి రాగలిగినంత మేర అది. పాట అక్కడ పుట్టిందంటే ఆశ్చర్యపడక్కర్లేదు. అయితే పాట పుట్టడం వేరు, నిలవడం వేరు. నిలవాలంటే చెప్పేవాడుండాలి, వినేవాడుండాలి, ఆ చెప్పేవాడికి పూట గడవాలి.

ఆ చెప్పేవాడు పెదకళ్లేపల్లిలో ఉన్నాడు. సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. ఈయన గురించి కొంచెం ఎక్కువ సేపే మాట్లాడతాను, ఎందుకంటే పంతులుగారి కథ ఈయన దగ్గరే మొదలవుతుంది.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన శిష్యుల్లో మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు ఒకరు, స్వామికి బంధువు కూడా. మహావైద్యనాథయ్యర్, పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ వంటి ఉద్దండులు ఈ వెంకటసుబ్బయ్యగారి దగ్గర నేర్చుకున్నవారే. తంజావూరు సీమలోని ఆ గురుకులానికి మన దక్షిణామూర్తి శాస్త్రిగారు ఇక్కడి నుంచి వెళ్లారు. అక్కడ శుశ్రూష చేసి, కీర్తనలు కంఠస్థం చేసి, మళ్లీ కృష్ణ ఒడ్డుకే వచ్చి కూర్చున్నారు.

ఇందులో ఉన్న విశేషం మనకు ఇంకా పూర్తిగా అందలేదనిపిస్తుంది నాకు. త్యాగరాజస్వామి కీర్తనలు తెలుగు మాటలు. ఆ మాటలు ఇక్కడి పిల్లవాడికి విడమరిచి చెప్పకుండానే అర్థమవుతాయి. కానీ ఆ కీర్తనను ఎలా పాడాలి, ఏ సంగతి తర్వాత ఏ సంగతి రావాలి, ఎక్కడ ఎత్తుకోవాలి, గమకం ఎంత వరకు ఊగాలి అన్న జ్ఞానమంతా కావేరి ఒడ్డున కొన్ని ఇళ్లలో ఉంది. పుస్తకం తెప్పించుకుంటే వచ్చేది కాదు. మనిషి వెళ్లాలి, ఏళ్ల తరబడి ఉండాలి, నోటితో పట్టుకుని రావాలి. శాస్త్రిగారు చేసింది అది. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో బందరులో వకీలుగా ఉంటూ వయొలిన్‌లో పేరు తెచ్చుకున్న హరి నాగభూషణంగారు ఒకరు. శాస్త్రిగారి మనవడు, తాతగారి పేరే పెట్టుకున్న సుసర్ల దక్షిణామూర్తిగారు, సినిమా సంగీతంలో ఎంత మాధుర్యం ఇచ్చారో 'సంసారం', 'నర్తనశాల' విన్నవారికి చెప్పనక్కర్లేదు. పెదకళ్లేపల్లిలో ఒక ఇంట్లో వెలిగిన దీపం ఎన్ని దిక్కులకు వెలుగిచ్చిందో చూడండి.

రామకృష్ణయ్యగారు ఆ ఇంటికి శిష్యుడుగా వెళ్లారు. గాత్రం నేర్చుకున్నారు, వయొలిన్ నేర్చుకున్నారు. త్యాగరాజు, వెంకటసుబ్బయ్య, దక్షిణామూర్తి శాస్త్రి, రామకృష్ణయ్య: వరసలో నాలుగో మనిషి. ఈ వరస గురించి మాట్లాడేటప్పుడు మనం అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి అన్నట్టు మాట్లాడతాం. సంగీతంలో ఆస్తి అలా రాదు. ప్రతి తరంలోనూ ఒక మనిషి మొదటి నుంచి, సరళీ స్వరాల నుంచి, మళ్లీ సంపాదించుకోవాలి. ఒక్క తరం బద్ధకిస్తే వరస తెగిపోతుంది.

సంగీతం వచ్చింది. మరి భుక్తి? పంతులుగారు కొంతకాలం స్వగ్రామంలో కరణీకం చేశారు. కరణం అంటే ఏమిటో ఇవాళ్టి పిల్లలకు తెలియదు, 1984లో ఆ వ్యవస్థే పోయింది. ఊరి భూముల లెక్కలు, అడంగళ్లు, శిస్తు దస్తరాలు అన్నీ ఆయన చేతిలో ఉండేవి. గౌరవం ఉన్న పని, నమ్మకమైన పని. డెల్టాలో అయితే మరీనూ. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన తర్వాత కాలువల కింద ఎకరానికి విలువ పెరిగింది, లెక్కకు విలువ పెరిగింది, లెక్క రాసేవాడికి విలువ పెరిగింది. అటువంటి కుర్చీలో కూర్చున్న మనిషి దాన్ని వదిలి సంగీతంతోనే బతుకుతానని బెజవాడకు వచ్చాడు. ఈ ఒక్క నిర్ణయానికే ఆయనను తలుచుకోవాలి మనం. ఇంటివాళ్లు ఏమన్నారో, ఊరివాళ్లు ఏమన్నారో ఊహించుకోవచ్చు. పొలం గట్టు మీద ఉన్న భరోసా తంబురా తీగ మీద ఉంటుందని నమ్మే తండ్రి ఇప్పటికీ అరుదే.

బెజవాడే ఎందుకు? ఇక్కడ కొంచెం ఆగాలి. సంగీతానికి అప్పటికి పేరున్న ఊళ్లు వేరే ఉన్నాయి. విజయనగరంలో రాజులున్నారు, ఆదిభట్ల నారాయణదాసుగారు ఉన్నారు, 1919లో సంగీత కళాశాల పెట్టారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటివారు అందులో పాఠం చెప్పారు. మద్రాసులో సభలున్నాయి, 1928 నుంచి మ్యూజిక్ అకాడమీ ఉంది, గ్రామఫోను కంపెనీలున్నాయి. తెలుగు విద్వాంసుడు పైకి రావాలంటే మద్రాసు రైలెక్కాలన్నది అప్పటి లోకజ్ఞానం. బెజవాడలో ఇవేవీ లేవు. డెల్టాలో జమీందారులు ఉన్నారు గానీ, విజయనగరంలో లాగా సంగీతానికి ఒక కళాశాల కట్టి నిలబెట్టినవారు లేరు. బెజవాడ వ్యాపారుల ఊరు, రైల్వే జంక్షను, మూడు కాలువలు చీలే చోటు. ఎవరైనా దిగి వెళ్లే ఊరే తప్ప, కళాకారుణ్ణి నిలబెట్టే ఆస్థానం కాదు.

పైగా ఆ రోజుల్లో డెల్టా చెవి నాటకానిది. మైలవరం కంపెనీ నాటకం వేస్తే జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం పాడితే వన్స్‌మోర్లు కొట్టేవారు. హార్మోనియం మీద ఎత్తుకున్న రాగం, తారస్థాయిలో పద్యం, తెల్లవార్లూ పాండవుల రాయబారం. నేను ఆ పద్యాన్ని తక్కువ చేయడం లేదు. మోహన, కల్యాణి, కాంభోజి మన పల్లెటూరి రైతుకు పేరు తెలియకుండానే పరిచయమైంది ఆ పద్యంలోనే. హరికథ కూడా అంతే. కానీ ఆ వేడిలో ఒక మనిషి నిదానంగా తోడి రాగం ఆలాపన చేసి, నెరవు చేసి, స్వరకల్పన చేసి జనాన్ని కూర్చోబెట్టాలంటే ఎంత కష్టమో పాడేవాళ్లకు తెలుసు. వినేవాళ్లు లేరని చెప్పి విద్వాంసులు ఊరు వదిలేవారు. పంతులుగారు వినేవాళ్లను తయారు చేద్దామనుకున్నారు. అందుకు ఆయన ఎంచుకున్న మార్గం పాఠం.

బెజవాడలో ఆయన నడిపింది గురుకులం. ఆ మాట ఇవాళ బోర్డుల మీద ఎక్కడ పడితే అక్కడ కనబడుతోంది గనక అసలు పద్ధతి ఎలా ఉండేదో చెబుతాను. శిష్యుడు గురువు నీడలో ఉంటాడు. తెల్లవారకముందే శ్రుతి పెట్టుకుని అకార సాధకం. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు మూడు కాలాల్లో. వర్ణం వచ్చిందంటే ఏడాది గడిచిందన్న మాటే. కీర్తన చెప్పేటప్పుడు కాగితం ఉండదు. గురువు ఒక సంగతి పాడతాడు, శిష్యుడు తిరిగి పాడతాడు. తప్పితే మళ్లీ. అది నోట పడితే తప్ప రెండో సంగతికి పోరు. దాన్నే పాఠాంతరం అంటారు. ఏ గురువు దగ్గర నేర్చుకున్నారో శిష్యుడు చెప్పకపోయినా, ఆ కీర్తన ఎత్తుగడ చెబుతుంది. పాఠం లేని వేళ వినికిడి. గురువు పెద్ద శిష్యుడికి చెబుతుంటే చిన్నవాడు గోడవార కూర్చుని వింటాడు. గురువు కచేరీకి వెళితే తంబురా పట్టుకుని వెనక కూర్చుంటాడు. నిజానికి సగం సంగీతం అక్కడే వస్తుంది. రాగం ఎక్కడ ఆపాలి, మృదంగానికి ఎప్పుడు తని వదలాలి, సభ చల్లబడితే ఏ కీర్తన ఎత్తుకోవాలి, ఇవి ఎవరూ పాఠంగా చెప్పరు.

ఈ పద్ధతిలో గురువుకు మిగిలేదేమిటి? తన సాధన వేళ పోతుంది. గొంతు అరిగిపోతుంది. బయట ఊళ్ల కచేరీలు తగ్గుతాయి. నేను పాఠం చెప్పే మనిషిని, ఈ నష్టం ఎంతో నాకు తెలుసు. రోజుకు నలుగురికి సరళీ స్వరాలు చెప్పిన గొంతుతో సాయంత్రం కచేరీ పాడటం సులువు కాదు. పంతులుగారికి గాయక సార్వభౌములన్న బిరుదు ఉంది. ఆ బిరుదున్న మనిషి పొద్దున్నే ఎవరి పిల్లవాడికో మాయామాళవగౌళ దిద్దిస్తూ కూర్చున్నాడు. ఆయన ఔన్నత్యం నాకు బిరుదులోకన్నా ఆ దిద్దించడంలోనే ఎక్కువ కనబడుతుంది.

వయొలిన్ సంగతి కూడా చెప్పాలి. ప్రధాన గాయకుడుగా ఉండగలిగిన మనిషికి పక్కవాద్యం విద్య కూడా ఉండటం మామూలు విషయం కాదు. పక్కవాద్యం అంటే తన మనోధర్మాన్ని అదుపులో పెట్టుకోవడం. గాయకుడు ఆలాపనలో ఒక ప్రయోగం వేస్తే దాని నీడ పట్టుకుని నడవాలి, ముందుకు దూకకూడదు, వెనకబడకూడదు. గాయకుడికి ఆ పూట గొంతు పలకకపోతే సభకు తెలియకుండా మోయాలి. తన వంతు వచ్చినప్పుడు మాత్రం రెండు నిమిషాల్లో రాగం మొత్తం చూపించాలి. ఈ రెండు వైపులా తెలిసిన గురువు దగ్గర నేర్చుకున్నందువల్ల పంతులుగారి శిష్యులకు ఒక లక్షణం వచ్చిందని నా అభిప్రాయం: పక్కవాడిని వింటూ పాడటం, వింటూ వాయించడం. బాలమురళిగారు గాయకుడుగా శిఖరం ఎక్కిన తర్వాత కూడా వయొలా, మృదంగం, కంజీర చేతపట్టి ఇతరులకు పక్కవాద్యం వాయించారు. దాన్ని ఆయన ప్రతిభ కింద జమ కట్టడం న్యాయమే. కానీ పక్కవాద్యం తక్కువ పని కాదన్న సంస్కారం ఇంటి నుంచే రావాలి, గురువు ఇంటి నుంచి.

ఇక ఆరాధనోత్సవం. పంతులుగారు తమ గురువు దక్షిణామూర్తి శాస్త్రిగారి పేర బెజవాడలో ఏటేటా సద్గురు ఆరాధనోత్సవం జరిపేవారు. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన జరగడం మనకు తెలుసు. కానీ ఒక పల్లెటూళ్లో పాఠం చెప్పుకుని వెళ్లిపోయిన గురువుకు, శిష్యుడు పట్నంలో ఏటేటా ఉత్సవం చేయడం నాకు చాలా గొప్ప సంగతిగా కనిపిస్తుంది. అందులో కృతజ్ఞత ఉంది. ఊరికి ఒక వేదిక ఇవ్వడమూ ఉంది. పెద్ద విద్వాంసులు వచ్చేవారు, ఊళ్లో పిల్లలు వినేవారు. ఆస్థానం లేని ఊరికి ఏడాదికి కొన్ని రోజులు ఆస్థానం వచ్చేది.

ఆ వేదిక మీదే పదేళ్లు నిండీ నిండని మురళీకృష్ణ అనే పిల్లవాడు పూర్తి కచేరీ పాడాడు. ఇప్పుడు ఆయన వంతు. 1930 జులై 6న నాటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టాడు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించేవారు, బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పోయారు. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు వాయించేవారు, సంగీతం పాఠాలు చెప్పుకునే మనిషి. ఆయనే కొడుకును పంతులుగారి చేతిలో పెట్టారు. తానే సంగీతం చెప్పగలిగిన తండ్రి, కొడుకును ఇంకొకరికి అప్పగించాడంటే ఆ ఇంకొకరి మీద ఎంత నమ్మకం ఉండాలి! ఆ రోజు కచేరీ విన్న ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు, హరికథలో పేరు మోసిన మనిషి, ఆ పేరు ముందు 'బాల' అన్న మాట చేర్చారు. అప్పటినుంచీ బాలమురళీకృష్ణ. ఎనభై ఆరేళ్ల వయసులో, 2016 నవంబరు 22న ఆయన వెళ్లిపోయేవరకూ ఆ 'బాల' అలాగే ఉంది.

ఆ పిల్లవాడి విషయంలో పంతులుగారు చేసిన పని ఒకటి ఉంది, దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అడ్డుపడకపోవడం. సంప్రదాయం నాలుగు తరాలుగా చేతులు మారి తన దగ్గరకు వచ్చింది. తర్వాతి చేయి ఈ పిల్లవాడిది. వీడు చూస్తే కుదురైన వాడు కాదు. ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టాడు. 1952లో అవి 'జనకరాగ కృతిమంజరి'గా అచ్చయ్యాయి. తర్వాత నాలుగు స్వరాలతో 'మహతి' అన్నాడు, 'లవంగి' అన్నాడు, అది రాగమేనా అని పెద్దలు పోట్లాడారు. ఆ పోట్లాటలో నేను ఎవరి పక్షమో ఇక్కడ అప్రస్తుతం. నేను చెప్పేది ఇంతే. ఆ శిష్యుడు త్యాగరాజ కీర్తన పాడేటప్పుడు పాఠం ఎక్కడా బెసకలేదు. మాట విరగలేదు. కొత్త దారి తొక్కే కాలికి పాత దారి అంతా తెలుసు. అలా తెలియజేసింది పంతులుగారు. పాఠంలో పట్టు, ఊహలో విడుపు. ఈ రెండూ ఒకే గురువు ఇవ్వగలగడం అరుదు. మన గురువుల్లో చాలామందికి పట్టు తెలుసు, విడుపు తెలియదు. ఇవాళ కొందరికి విడుపు తెలుసు, పట్టు తెలియదు.

దూరదేశం మాట ఒకటి చెబుతాను. జర్మనీలో లైప్‌జిగ్ అనే ఊళ్లో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723 నుంచి 1750లో చనిపోయేవరకూ చర్చి బడిలో పిల్లలకు పాట నేర్పే ఉద్యోగం చేశాడు. ఆదివారం ప్రార్థనకు పాట కట్టడం, పిల్లల చేత పాడించడం, కొడుకులకు ఇంట్లో పాఠం చెప్పడం. ఆయన పోయిన తర్వాత కొంతకాలం లోకానికి కొడుకు పేరే ఎక్కువ తెలుసు, తండ్రి ఫలానావారి తండ్రి మాత్రమే. ఒక ఊళ్లో ఉండి పని చేసిన సంగీతకారుడికి ఎక్కడైనా ఇదే జరుగుతుంది. బాఖ్‌ది కాగితం మీద ఉన్న సంగీతం గనక ఎనభై ఏళ్ల తర్వాతైనా బయటికి తీశారు. పంతులుగారిది నోటి మీద ఉన్న సంగీతం. అది శిష్యుల గొంతుల్లో, వేళ్లలో తప్ప ఇంకెక్కడ వెతుకుతాం?

వేళ్లన్నాను గనక అన్నవరపు రామస్వామిగారి మాట. 1926లో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, మాగంటి జగన్నాథం చౌదరిగారి దగ్గర మొదలుపెట్టి, తర్వాత బెజవాడ వచ్చి పంతులుగారి గురుకులంలో వయొలిన్ నేర్చుకున్నారు. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అన్నవరపువారు అందులో చేరి 1986 వరకూ పని చేశారు. ఎవరు పాడినా వెనక ఆ వయొలిన్ ఉండేది. డెల్టాలో పొద్దున్నే రేడియో పెట్టే అలవాటున్న ప్రతి ఇంటికీ ఆ కమాను నాదం తెలుసు, పేరు తెలియకపోయినా. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే సంవత్సరం విజయవాడలోనే మృదంగ విదుషీమణి నిడుమోలు సుమతిగారికి, దండమూడి రామమోహనరావుగారి సతీమణికి, పద్మశ్రీ వచ్చింది. పక్కవాద్యం వాయించే ఇద్దరు, ఒకే ఊరివారు. ఆస్థానం లేని ఊరు అన్నాను ఇందాక. పంతులుగారు పాఠం మొదలుపెట్టిన ఊరు ఎక్కడికి వచ్చిందో చూశారా?

రేడియో వచ్చాక సంగీతకారుడికి బెజవాడలో మొదటిసారి నెల జీతం వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. స్టాఫ్ ఆర్టిస్టు అనే ఉద్యోగం లేకపోతే ఓలేటి వెంకటేశ్వర్లుగారి వంటి గాయకులు ఈ ఊళ్లో ఉండేవారా? బాలాంత్రపు రజనీకాంతరావుగారు, బాలమురళిగారు కలిసి రేడియోలో భక్తిరంజని కార్యక్రమాన్ని అంత అందంగా తీర్చేవారా? పంతులుగారు ఆ స్టేషను మొదలవడం చూశారు, ఆ తర్వాత రెండేళ్లకే వెళ్లిపోయారు. ఆయన తన బతుకంతా కష్టపడి తయారుచేసినవారికి ఆ స్టేషను తలుపు తెరుచుకుంది. తర్వాత ప్రభుత్వ సంగీత కళాశాల వచ్చింది, ఇవాళ ఘంటసాల పేరు మీద ఉన్నది. దానికి మొదటి ప్రిన్సిపాలు బాలమురళిగారే. కొన్ని దశాబ్దాల పాటు ఒక మనిషి ఇంట్లో జరిగిన పని అప్పుడు ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోతే నా మనసు ఒప్పుకోదు. ఆ కాలపు గురుకులాల తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. ఏ కులంలో పుట్టావు, ఆడపిల్లవా మగపిల్లవాడివా అన్నదాన్ని బట్టి విద్య దొరికేది. అదే డెల్టాలో పెళ్లి పందిట్లో, గుడి ముందు నాదస్వరం ఊదిన కుటుంబాలు ఉన్నాయి. వారిలో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. రామకల్యాణానికి త్యాగరాజ కీర్తన వాయించి, ఇంటికి వెళ్లి నమాజు చేసుకున్న విద్వాంసులు వాళ్లు. అప్పటి మన కృష్ణా జిల్లా గోసవీడు షేక్ హసన్‌గారు 2021లో పోయారు, మరుసటి ఏడు ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ఇచ్చారు. వాళ్లకు బిరుదుల సభలు తక్కువ, బయానాలు ఎక్కువ. ఎండలో నడుస్తూ ఊరేగింపులో వాయించిన శంకరాభరణం కూడా శంకరాభరణమే. ఈ ఊళ్లో స్మారకోపన్యాసాలు వాళ్ల పేర కూడా జరగాలి.

ఇప్పుడు మనం చేయవలసిన దాని గురించి. పంతులుగారికి చిత్రపటం ఉంది, దండ ఉంది, మనమందరం ఏడాదికోసారి తలుచుకుంటున్నాం. ఇవి చాలవు. ఆయన పాఠాంతరం ఏ శిష్యుడి ద్వారా ఎక్కడికి వెళ్లిందో ఇప్పటికైనా కూర్చుని రాయాలి. శిష్యుల శిష్యులు ఈ డెల్టాలోనే ఉన్నారు, ఎనభై దాటినవారు ఉన్నారు. గుడివాడలో, బందరులో, తెనాలిలో, ఏలూరులో ఇంటి దగ్గర పిల్లలకు పాఠం చెప్పుకుంటున్నారు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, వారికి వచ్చిన కీర్తనలు మొత్తం పాడించి, ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగి రికార్డు చేయడానికి ఇవాళ చేతిలో ఉన్న ఫోను చాలు. ఆకాశవాణి భాండాగారంలో ఉన్న ఆ తరం కచేరీలు పరిశోధకులకు, విద్యార్థులకు సులువుగా దొరికేలా చేయమని ఈ సభ తరఫున అడగాలి. సంగీత కళాశాలలో చదివే పిల్లలకు తమ ఊరి గురుపరంపర ఒక పాఠంగా ఉండాలి. తిరువయ్యారు నుంచి పెదకళ్లేపల్లికి, పెదకళ్లేపల్లి నుంచి బెజవాడకు పాట ఎలా నడిచి వచ్చిందో తెలియకుండా ఆ పిల్లవాడు డిప్లొమా పుచ్చుకోకూడదు.

ఇంకొకటి, ఇది కచేరీలు పెట్టే పెద్దలకు. బయటి నుంచి వచ్చే విద్వాంసుడికి విమానం టిక్కెట్టు, హోటలు గది ఇస్తున్నాం, ఇవ్వాలి కూడా. అదే వేదిక మీద పక్కన కూర్చునే మన ఊరి వయొలిన్ విద్వాంసుడికి, మన ఊరి మృదంగ విద్వాంసుడికి ఆటో ఖర్చులు పోను ఏం మిగులుతోందో ఒక్కసారి చూడండి. పంతులుగారి వంటివారు కరణీకం వదులుకుని ఈ ఊళ్లో ఉండిపోయారు. ఇవాళ అలాగే ఉండిపోయినవారు మనకు ఉన్నారు. వారి సంభావన పెంచండి. వారి పేరు కరపత్రంలో చిన్న అక్షరాల్లో వేయకండి.

ఈ సభలో ఉన్నవారిలో ఎవరి ఇంట్లోనైనా తాతగారివో, మేనత్తగారివో సంగీతం నోటు పుస్తకాలు అటక మీద ఉంటే దయచేసి పారేయకండి. చెద పట్టినవైనా సరే, ఒక్క పల్లవి సంగతులే మిగిలినా సరే. తెచ్చి నిర్వాహకులకు ఇవ్వండి. అసలు పుస్తకం మీకే తిరిగి ఇచ్చి, నకలు మాత్రం దాచే ఏర్పాటు చేయమని వారిని కోరుతున్నాను.